హాస్యనాటికలకు పుట్టిన పిలకలు

అరటిచెట్టు గెల వేసిన పిమ్మట నశించును. దాని మొదట పుట్టిన పిలకలు మిగులును. అనుభవము గల రైతు పిలకను దుంపతో సహా త్రవ్వి వేరొకచోట నాటును. దుంప తెగిన పిలక నాలుగు దినములు పచ్చగా కనుపించి పిదప వాడిపోవును. ప్రజలు మెచ్చిన హాస్యధారావాహికల విషయమును ఇట్టిదే. కథ ముగిసినను అందలి పాత్రలను విడువలేక, వారికొఱకు మరియొక కథ కల్పించుట టెలివిజను లోకమున పరిపాటి. ఆంగ్లమున దీనిని స్పిన్ ఆఫ్ అందురు. వీనిలో బ్రదికినవి కొన్ని. మఱపున పడినవి పెక్కు. ఆ మఱపునకు కారణమేమి?

ఈ ప్రశ్నకు తెలుగునాట దొరకు మంచి ఉదాహరణము 'అమృతం'. గుణ్ణం గంగరాజు నిర్మించిన యీ ధారావాహిక 2001 నవంబరు నుండి 2007 నవంబరు వఱకు జెమిని టెలివిజనులో ప్రసారమైనది. భాగములు మూడువందలకు మించినవి. వస్తువు మాత్రము చిన్నది. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దరు మిత్రులు 'అమృత విలాస్' అను హోటలు నడుపుచుందురు. అప్పాజీ అను యింటి యజమాని వారిని పీడించుచుండును. సర్వం అను సర్వరు తన అమాయకత్వముతో ఉన్న చిక్కులకు క్రొత్త చిక్కులు చేర్చుచుండును. సులభముగా ధనము గడించుటకు అమృతరావు వేయు ఎత్తు బెడిసికొట్టుట, మిత్రుడు ఆ కష్టములో పాలుపంచుకొనుట—ఇంతే కథ. సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసిన శీర్షికగీతము సైతము ఆంజనేయులును సంబోధించి ఊరడించునదే.

ఇందొక విశేషము గమనింపదగినది. కథకు పేరిచ్చిన అమృతరావు పాత్రను ఒకరు కాదు, ముగ్గురు ధరించిరి. మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, అటుపిమ్మట హర్షవర్ధన్. నాయకుడు రెండుమార్లు మారినను ప్రేక్షకులు ధారావాహికను విడువలేదు. ఏలయనగా ప్రక్కనున్న ఆంజనేయులు మారలేదు. ఆ పాత్రధారి గుండు హనుమంతరావు చివరి వఱకు ఒక్కడే. ప్రేక్షకులు ప్రేమించినది అమృతరావును మాత్రమే కాదు. అమృతరావునకును ఆంజనేయులునకును గల బంధమును.

తరువాత వచ్చిన పిలకలు రెండు. 2014లో గంగరాజు స్వయముగా దర్శకత్వము వహించి 'అమృతం చందమామలో' అను చలనచిత్రము తీసిరి. ఇందు మిత్రులిద్దరును చంద్రునిపై హోటలు పెట్ట నెంచుదురు. ఊహ గొప్పదే, కాని మిత్రద్వయము పాత్రలలో క్రొత్తగా అవసరాల శ్రీనివాస్, హరీశ్ నటించిరి. పరిచితమైన జంట లేదు. భూమిమీది చిన్న హోటలుకున్న ఇరుకును లేదు. 2018లో హనుమంతరావు పరమపదించిరి. 2020 ఉగాదికి జీ5 అను అంతర్జాల వేదికపై 'అమృతం ద్వితీయం' వచ్చినపుడు అమృతరావుగా హర్షవర్ధన్ మరల నటించిరి. ఆంజనేయులు పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించిరి. శ్రీరామ్ ప్రతిభ గురించి తెలుగువారికి చెప్పనక్కరలేదు. అయినను మాతృకకు దక్కిన ఆదరము ఈ రెండింటికిని దక్కలేదు. నేటికిని ప్రేక్షకులు అంతర్జాలమున వెదకి చూచునది ఆ పాత భాగములనే.

ఆంగ్లదేశమున ఈ పరీక్ష అంతకు మునుపే జరిగినది. 1974 నుండి 1977 వఱకు వచ్చిన 'పారిజ్' అక్కడి హాస్యధారావాహికలలో అగ్రగణ్యము. పారిజ్ అనగా జావ. కారాగారవాసమునకు అది వాడుకపేరు. రానీ బార్కర్ ధరించిన ఫ్లెచర్ అను ఖైదీ, కాపలాదారుల కన్నుగప్పి చిన్న చిన్న విజయములు సాధించుచుండును. 1978లో అతనిని విడుదల చేసి 'గోయింగ్ స్ట్రెయిట్' అను క్రొత్త కథ నడపిరి. ఆరు భాగములతో అది ముగిసినది. గోడ ఉన్నప్పుడే గదా దానిని మోసగించుటలో రుచి! స్వేచ్ఛ లభించిన ఫ్లెచర్ సుఖపడి యుండవచ్చును. హాస్యము మాత్రము గోడలోపలనే నిలిచిపోయినది.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము 'జార్జి అండ్ మిల్‌డ్రెడ్'. 'మాన్ ఎబౌట్ ద హౌస్' అను ధారావాహికలో వీరు మన అప్పాజీవలె ఇంటి యజమానులు. ఎడతెగక కలహించు దంపతులు. 1976లో వారిని వేరొక పేటకు మార్చి ప్రత్యేక కథ కల్పించిరి. ఊరు మారినది, ఇల్లు మారినది. కలహము మాత్రము చెక్కుచెదరలేదు. ఆ పిలక దుంపతో వచ్చినది గనుక 1979 వఱకు 38 భాగములు సాగినది. 1980లో మిల్‌డ్రెడ్ పాత్రధారిణి యూథా జాయిస్ మరణించుటతో అదియు ఆగిపోయినది.

'డాడ్స్ ఆర్మీ' (1968–77) పిలక కథ మరింత కరుణాత్మకము. యుద్ధము ముగిసిన తరువాత పాత కెప్టెను మెయిన్‌వేరింగ్, ఒకప్పుడు తనక్రింద పనిచేసిన విల్సన్‌నే బ్యాంకి ఋణము కోరుటగా ఒక రేడియో నాటికను సిద్ధపఱచిరి. అధికారి అర్థియైనాడు, బంధము తలక్రిందులైనను తెగలేదు. కాని మెయిన్‌వేరింగ్ పాత్రధారి ఆర్థర్ లో 1982లో మరణించెను. ఇతర పాత్రలతో 1983–84లో 13 భాగములు ప్రసారము చేసిరి. వానిని నేడు తలచువారు అరుదు.

ఈ కృషి మన సాహిత్యమునకు క్రొత్త కాదు. 1897లో అచ్చయి 1909లో సంస్కరింపబడిన 'కన్యాశుల్కము' నుండి గిరీశమును పిలిచి ముళ్ళపూడి వెంకటరమణ 'గిరీశం లెక్చర్లు' వ్రాసిరి. గిరీశమునకు దుంప అతని వాక్కు; అది వెంట వచ్చినది గనుక ఆ పిలక నిలిచినది.

ఆత్మకూరు, ఉదయగిరి, అనుమసముద్రంపేట ప్రాంతముల పాఠశాలలలో వార్షికోత్సవమునకు నాటిక వ్రాయ బూనిన విద్యార్థి తనకు నచ్చిన పాత్రను తెచ్చుకొనుట సహజము, తప్పును కాదు. అట్టివానిని ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: “నీవు తెచ్చినది మనిషినా, అతడు ఎవరితో ఉన్నప్పుడు మనము నవ్వితిమో ఆ తోడును గూడనా?” తోడు పోయిన పాత్రకు పేరు మిగులును, నవ్వు మిగులదు.