గడ్డికి గడువు పెట్టే కొండలు

మొరాకో పటం చూస్తే దేశం నడుముకు అడ్డంగా ఓ కొండల వరస కనిపిస్తుంది. అది హై అట్లాస్. ఉత్తరపు వాలు మీద వానలు, మంచు పడతాయి. దక్షిణపు వాలు సహారా వైపు ఎండిపోతూ దిగుతుంది. ఈ రెండు వాలుల మధ్య ఆరేడు రోజులు నడిపించే ట్రెక్కింగ్ యాత్రలు చాలా ఉన్నాయి. గైడు వెంట ఉంటాడు. సామాను కంచర గాడిదలు మోస్తాయి. రాత్రికి గుడారం వేస్తారు. ప్రకటనల్లో ‘బెర్బెర్ లోయలు, సంచారుల సీమ’ అని రాస్తారు. ఆ మాట వెనక ఉన్నదేమిటో తెలిస్తే, దారి ఎందుకు అలా తిరుగుతుందో, ఫలానా నెలలోనే ఎందుకు రమ్మంటారో తెలుస్తుంది. ఆ దారిలో చాలా భాగం ట్రెక్కర్ల కోసం ఎవరో వేసింది కాదు. గొర్రెలూ మేకలూ తొక్కగా తొక్కగా పడింది.

ముందు పేరు సంగతి. గ్రీకులు తమ భాష రానివాళ్లను ‘బార్బరోస్’ అనేవారు. ‘బెర్బెర్’ అందులోంచి వచ్చిన మాట. ఆ జనం తమను తాము అమజిగ్ అంటారు. స్వేచ్ఛగా బతికే మనిషి అని దానికి సాధారణంగా చెప్పే అర్థం. వాళ్ల భాషకు 2011 రాజ్యాంగంలో అధికార భాష హోదా దక్కింది. అరబిక్ పక్కనే, తిఫినాగ్ అనే వాళ్ల సొంత లిపి ఇప్పుడు ఆఫీసుల బోర్డుల మీద కనిపిస్తుంది. పటం చదవడానికి ఆ భాషలో ఒక్క మాట తెలిస్తే సగం పని అయినట్టే: తిజి. మన కనుమే అది. పేరులో తిజి ఉందంటే ఆ రోజు ఎక్కుడు తప్పదు.

ఎక్కువమంది నడిచే దారి ఒకటి తీసుకుందాం. మర్రకేష్ నుంచి అజిలాల్ మీదుగా బండిలో వెళ్తే ఐత్ బుగెమెజ్ లోయ వస్తుంది. ‘ఐత్’ అంటే ఫలానా వాళ్ల సంతతి. మన ఇంటిపేరులా అది ఊళ్లకూ తెగలకూ ముందు చేరుతుంది. లోయ అడుగే దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. తూర్పు కనుమల్లో మనకు ఎత్తయిన జిందగడ శిఖరం 1,700 మీటర్ల లోపే. అంటే మన కొండ కొస కన్నా ఎత్తున అక్కడ బార్లీ, బంగాళదుంప పండిస్తున్నారు, ఆపిల్, అక్రోటు చెట్లు పెంచుతున్నారు. పొలాలకు నీళ్లు ‘తర్గ’ అనే చిన్న కాలువల్లో వస్తాయి. ఎవరి వంతు ఎప్పుడో, ఎంతసేపో ఊరే తేలుస్తుంది. మన చెరువుల కింద నీరటి చేసిన పని అక్కడ ఊరి పెద్దల చేతిలో ఉంటుంది. లోయ మధ్య గుట్ట మీద సీది మూసా అనే గుండ్రటి కట్టడం ఉంది. ఊళ్లన్నీ కలిసి ధాన్యం దాచుకున్న ఉమ్మడి గాదె అది.

అక్కడినుంచి నడక మొదలవుతుంది. రెండో రోజుకల్లా తర్కెద్దిత్ అనే పచ్చిక మైదానం చేరతారు. 2,900 మీటర్ల ఎత్తు. మర్నాడు చీకట్లోనే లేచి మ్‌గూన్ శిఖరం ఎక్కుతారు. అది 4,070 మీటర్లకు అటూఇటూ. అక్కడ పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే ఇంచుమించు అరవై శాతమే. అందుకే మంచి గైడు మొదటి రెండు రోజులు జనాన్ని పరుగెత్తించడు. శిఖరం దాటి దక్షిణానికి దిగితే ఉలిలిమ్త్ లోయ, ఆ తర్వాత మ్‌గూన్ నది ఇరుకు గండి. గండిలో కొన్నిచోట్ల నది తప్ప వేరే బాట ఉండదు, నీళ్లలోనే నడవాలి. ఎక్కడో పైన మధ్యాహ్నం ఉరిమితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వచ్చిపడుతుంది. గైడు పొద్దున్నే ఆకాశం చూసి తొందర పెడుతున్నాడంటే కారణం ఇదే. అతనితో వాదించకపోవడం మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉలిలిమ్త్ లోయలో వేసవిలో నల్ల గుడారాలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఐత్ అత్తా తెగ వాళ్లవి. చలికాలం వాళ్లు దక్షిణాన సఘ్రో కొండల్లో ఉంటారు. అక్కడ ఎత్తు తక్కువ, మంచు తక్కువ. ఎండలు ముదిరేసరికి అక్కడ గడ్డి మాడిపోతుంది. సరిగ్గా అప్పుడే హై అట్లాస్ పైన మంచు కరిగి పచ్చిక లేస్తుంది. మే, జూన్ నెలల్లో మందలను తోలుకుని, ఒంటెల మీద గుడారాలు వేసుకుని రోజుల తరబడి నడిచి పైకి వస్తారు. చలి మొదలవగానే తిరుగుముఖం పడతారు. దీన్ని రుతువలస (కాలాన్ని బట్టి మందతో రెండు చోట్ల మధ్య రాకపోకలు) అంటారు. మన గొల్లలు, కురుమలు మందలతో ఊళ్లు దాటిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తేడా ఒక్కటే. మనవాళ్లు కోసిన పొలాలు వెతుక్కుంటూ పోతారు, వాళ్లు ఎత్తును వెతుక్కుంటూ పోతారు.

పైన పచ్చిక లేచింది కదా అని ఎవరు పడితే వాళ్లు మంద తోలడానికి లేదు. అక్కడ ‘అగ్దాల్’ అనే కట్టుబాటు ఉంది. వసంతంలో ఎత్తు మీది పచ్చికను కొన్ని వారాలో నెలలో మూసేస్తారు. మర్రకేష్‌కు దగ్గరలోని ఉకైమెదెన్ దీనికి పేరున్న ఉదాహరణ. అక్కడ మార్చి 15న మూస్తే తెరిచేది ఆగస్టు 10న. కంచె ఉండదు. తేదీయే కంచె. దాని వెనక ఒక మహాత్ముడి పేరూ, ఆయన ఆగ్రహం మీద భయమూ ఉన్నాయి.

మూస్తే ఏమవుతుంది? గడ్డి పూత పూసి, గింజ రాల్చే వ్యవధి దొరుకుతుంది. వేరులో బలం నిలుస్తుంది. లేతగా ఉన్నప్పుడే మేపేస్తే ఆ ఏడు మంద కడుపు నిండుతుంది, నాలుగేళ్లకు నేల బోడి అవుతుంది. రెండో లాభం మనుషులకు సంబంధించింది. అందరూ ఒకే రోజు లోపలికి అడుగుపెట్టాలి కాబట్టి, ముందొచ్చినవాడు బాగుపడే పందెం ఉండదు. తగాదాలు తగ్గుతాయి. ఉమ్మడి ఆస్తి ఎప్పటికైనా పాడవుతుందని వాదించేవాళ్లకు ఈ కొండవాళ్లు చదువు లేకుండానే జవాబు చెప్పి చాలాకాలమైంది.

ట్రెక్కర్‌కు దీనివల్ల ఒరిగేదేమిటంటే, అతను చూసేది తేదీని బట్టి మారుతుంది. మే చివర్లో వెళ్తే దారిలో మందలు ఎదురొస్తాయి. వాళ్లు దక్షిణం నుంచి ఎక్కుతుంటే ఇతను ఉత్తరం నుంచి దిగుతుంటాడు. జూలైలో గుడారాలు వేసి ఉంటాయి. నవంబరులో అదే లోయలో ఖాళీ రాళ్ల దొడ్లు మాత్రమే ఉంటాయి. అప్పుడు యాత్రలన్నీ సఘ్రోకు మారతాయి. అంటే గైడూ ట్రెక్కరూ కూడా మంద వెనకే పోతున్నారు.

గైడుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఐత్ బుగెమెజ్ లోయలోని తబంత్‌లోనే గైడులకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. కంచర గాడిద తోలేవాడు మాత్రం సాధారణంగా పక్క ఊరి రైతు. పొద్దున అతను మూట కట్టే తీరు కాసేపు నిలబడి చూడాలి. రెండు బుట్టల్లో బరువు సరిసమానంగా సర్ది, చేత్తో ఊపి చూసి, ఒకవైపు ఒరిగితే ఓ బంగాళదుంపల సంచి అటు నుంచి ఇటు మారుస్తాడు. గ్యాస్ సిలిండర్ నడుమకు. గుడ్ల అట్ట అన్నిటికన్నా పైన.

అయితే వీళ్లంతా ఏ మందల వెనక నడుస్తున్నారో ఆ మందలే తగ్గిపోతున్నాయి. 2004 జనగణనలో మొరాకోలో సంచారులు దాదాపు 70 వేలు. 2014లో 25 వేల పైచిలుకు. 2018 తర్వాత వరసగా కరువు ఏళ్లు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో రాజు మహమ్మద్ 6 ఆ ఏడు బక్రీద్‌కు గొర్రెను కోయవద్దని ప్రజలను కోరారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు లెక్కతో పోలిస్తే దేశంలో పశుసంపద 38 శాతం తగ్గిందని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. వాన లేకపోతే పచ్చిక ఆలస్యంగా లేస్తుంది, పలచగా లేస్తుంది. అగ్దాల్ తెరిచేనాటికి లోపల మేతే ఉండదు. దాణా కొనాలి. దాణాకు డబ్బు కావాలంటే గొర్రెలు అమ్మాలి. అమ్మితే మంద చిన్నదవుతుంది, చిన్న మందకు అంత దూరం నడక గిట్టదు. డబ్బున్నవాళ్లు మందలను లారీల్లో ఎక్కించి, ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి, కూలి కాపరులను పెడతారు. లేనివాళ్లు బడి, ఆసుపత్రి దగ్గరగా ఉండే ఊరికి దిగిపోతారు. స్థిరపడ్డ లోయలోనూ అన్నీ అమరి లేవు. 2025 జూలైలో ఐత్ బుగెమెజ్ జనం డాక్టరు కావాలి, రోడ్డు బాగుచేయాలి అంటూ కొండదారిన పాదయాత్ర చేశారు. ట్రెక్కర్లు ముచ్చటపడి నడిచే చోట వాళ్లు తప్పక నడిచారు.

ఈ మార్పు కళ్లకు కట్టాలంటే గుడారాన్ని దగ్గర నుంచి చూడాలి. మేక వెంట్రుకలూ గొర్రె ఉన్నీ కలిపి ఆడవాళ్లు నేల మగ్గం మీద పొడవాటి పట్టీలు నేస్తారు. వాటిని పక్కపక్కనే కుడితే కప్పు తయారవుతుంది. ఎండలో నేత సందుల్లోంచి గాలి ఆడుతుంది. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. మన గొంగడి కప్పుకుని వానలో నిలబడ్డవాళ్లకు ఈ కిటుకు తెలుసు. పట్టీలు అరిగిపోతుంటాయి కాబట్టి కొత్తవి నేసి అతకాలి. అందుకు వెంట్రుక కావాలి, వెంట్రుకకు మేకలు కావాలి. ఇప్పుడు చాలా గుడారాల్లో కొత్త పట్టీ పడాల్సిన చోట ప్లాస్టిక్ పట్టా బిగించి ఉంటుంది.