లాప్‌టాప్‌ది ముసలితనమా? ఇరుకుతనమా?

మీట నొక్కి, కాఫీ కలుపుకొని వచ్చినా తెరమీద చక్రం ఇంకా తిరుగుతూనే వుంటుంది. ఒక ఉత్తరం తెరవమంటే రెండు నిమిషాలు మౌనం. పిల్లవాడు ఆన్‌లైన్ పాఠం వింటూ మరొక పేజీ తెరిచాడో, ఇక అంతే సంగతులు! పది పన్నెండేళ్ళనాటి లాప్‌టాప్ వున్న చాలా ఇళ్ళలో ఇదే ముచ్చట. ‘‘పాపం, దానికి వయసు మీరింది. కొత్తది కొనవలసిందే’’ అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు.

కాని యంత్రానికి మనిషికి వచ్చినట్లు ముసలితనం రాదు. దుమ్ముపట్టి వేడెక్కితే తప్ప, 2012లో ఎంత వేగంగా లెక్కలు కట్టిందో ప్రాసెసర్ ఈనాడూ అంత వేగంగానే కడుతుంది. పెరిగింది దాని వయసు కాదు, మనం మోపే బరువు. అసలు జబ్బు సాధారణంగా రెండుచోట్ల వుంటుంది. ఒకటి మెమొరీ, రెండవది డిస్కు. ఈ రెంటినీ మార్చటానికి కొత్త యంత్రం కొనేటంత ఖర్చు కాదు.

గట్టూ, అటకా

వంటింటిని తలచుకోండి. పొయ్యి ప్రాసెసర్. చేతికి అందేట్టు డబ్బాలు పెట్టుకొనే గట్టు మెమొరీ, అంటే ర్యామ్. మిగతా సరుకంతా దాచుకొనే అటక హార్డ్ డిస్కు. గట్టు చిన్నదైతే ఏమవుతుంది? పసుపు డబ్బా కావాలంటే పప్పు డబ్బాను అటకెక్కించాలి. మళ్ళీ పప్పు కావాలంటే నిచ్చెన వేసుకోవాలి. మెమొరీ నిండినప్పుడు కంప్యూటర్ చేసే పని అచ్చంగా ఇదే. పొయ్యి మండుతూనే వుంటుంది, వంట మాత్రం సాగదు.

ఇక ఆ నిచ్చెన ఎంత నిదానమో చూడండి. పాత లాప్‌టాప్‌లలోని డిస్కు సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన అక్షరం ముల్లు కిందికి వచ్చేసరికి సగటున సగం చుట్టు ఆగాలి. ఆ ముల్లు చోటు మారటానికి ఇంకొక పది పన్నెండు మిల్లీసెకన్లు. ఈ లెక్కన చెదురుమదురుగా వున్న సంగతులను సెకనుకు అరవై డెబ్భైకి మించి తేలేదు. కంప్యూటర్ మేలుకోవటానికి ఇటువంటివి వేలకొద్దీ కావాలి! ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కులో తిరిగేదీ లేదు, ముల్లూ లేదు. అన్నీ చిప్పులే. అందులో ఒక్కొక్క సంగతికి పట్టేది మిల్లీసెకనులో పదవవంతు మాత్రమే.

తిరిగే డిస్కు పుట్టింది 1956లో. ఐ.బి.ఎం. వారి ఆ తొలియంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు యాభై వుండేవి. పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఎస్.ఎస్.డి.కి ప్రాణమైన ఫ్లాష్ మెమొరీని 1980లలో జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా కనిపెట్టాడు. ఈనాడు అరచేతిలో ఇమిడే ఎస్.ఎస్.డి.లో ఆ యాభై పళ్ళేల సరుకు లక్షరెట్లు పట్టినా చోటు మిగులుతుంది.

ముందు నాడి చూడండి

మందు కొనేముందు జబ్బు తెలుసుకోవాలి కదా! విండోస్ యంత్రమైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. మీరు రోజూ చేసే పనే చేస్తూ దానిని గమనించండి. మెమొరీలో చోటు వుండగానే డిస్కు నూటికి నూరుపాళ్ళు సతమతమవుతుంటే డిస్కు మార్చాలి. మెమొరీ నూటికి ఎనభై తొంభై పాళ్ళు నిండివుంటే అదీ పెంచాలి. ఒకటే చేయగల స్తోమతు వుంటే, తిరిగే డిస్కు వున్న యంత్రానికి ముందు డిస్కే మార్చటం మేలు.

తరువాత, మీ యంత్రం ఏది ఒప్పుకొంటుందో చూడాలి. 2012 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్230నే తీసుకోండి. అడుగుమూత విప్పితే మెమొరీకి రెండు గూళ్ళు. రెండు 8 జీబీ పలకలు పెడితే 16 జీబీ. పక్కమూత తీస్తే డిస్కు. దానిలో 7 మిల్లీమీటర్ల మందం డిస్కే పడుతుంది. అదే 2012లో వచ్చిన రెటీనా తెర మాక్‌బుక్ ప్రోలో మెమొరీని బోర్డుకు అతికేశారు, పెంచే దారి లేదు. కనుక మోడల్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వకండి.

పలకల్లోనూ జాతులున్నవి. డి.డి.ఆర్.3 పలకకు 204 కాళ్ళు, డి.డి.ఆర్.4కు 260. ఒకదాని గూట్లో మరొకటి పట్టదు. డి.డి.ఆర్.3లోనే 1.5 వోల్టులవీ, 1.35 వోల్టులవీ వున్నవి. 1.35 మాత్రమే ఒప్పుకొనే యంత్రంలో 1.5ది పెడితే పనిచేయదు. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, మీ వూరి కంప్యూటర్ దుకాణానికో వెళ్ళేటప్పుడు పాత పలకను వెంట తీసుకుపోవటం అన్నిటికంటె క్షేమం.

చేతిపని

మొట్టమొదట ఫొటోలు, కాగితాలు అన్నీ వేరేచోట నకలు తీసి పెట్టుకోండి. కొత్త ఎస్.ఎస్.డి.ని యు.ఎస్.బి. తీగతో తగిలించి, పాతడిస్కులోని సరుకంతా దానికి దింపే సాఫ్ట్‌వేర్లు వున్నవి. ఆ పని ముగిశాక యంత్రం ఆపి, ఛార్జరు లాగి, బ్యాటరీ తీయండి. ఒంటిలోని విద్యుత్తు చిప్పులకు చేటు కనుక, ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి తాకండి. మెమొరీ పలకను ఏటవాలుగా గూట్లోకి దూర్చి, కిందికి నొక్కితే రెండువైపులా కొక్కేలు టక్కుమని పట్టుకొంటవి. పట్టకపోతే బలం చూపకండి. గాడి సరిగా కూర్చున్నదో లేదో చూడండి.

ఇంత చేసినా ఒక హద్దు వున్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన ఎక్స్230 వంటి పాత ప్రాసెసర్లు, మెమొరీ ఎంత పెంచినా, విండోస్ 11 నియమాలకు నిలవవు. ఖర్చులేని లినక్స్ వేసుకొంటే పాఠాలకూ, ఉత్తరాలకూ, లెక్కలకూ యంత్రం ఇంకా కొన్నేళ్ళు హాయిగా వస్తుంది. పెద్ద సినిమాలు కూర్చటానికో, కొత్త ఆటలకో అయితే ఈ ఖర్చు దండగ.

చివరిగా ఒక మాట. ఎస్.ఎస్.డి.ని కరెంటు తగలకుండా ఏళ్ళతరబడి మూల పడేస్తే అందులోని సంగతులు చెరిగిపోయే ప్రమాదం వున్నది. ఎంత మంచి డిస్కైనా నకలు తప్పదు. అందుకే విప్పిన పాతడిస్కును పారవేయకండి. చవకైన యు.ఎస్.బి. డబ్బాలో బిగించి బీరువాలో వుంచండి. పరుగెత్తలేకపోయినా, ఇంటి ఫొటోలకు కాపలా కాయటానికి అది పనికివస్తుంది.