యుద్ధ జెట్ విమానములు: ప్రమాదముల లెక్క

1963లో భారత వైమానిక దళమున చేరిన మిగ్-21 విమానము 2025 సెప్టెంబరులో సేవనుండి తొలగినది. "ఎగిరే శవపేటిక" అను అపకీర్తి దానిని చివరివరకు వీడలేదు. 2012లో రక్షణమంత్రి పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము, మన దేశము సేకరించిన 872 మిగ్ తరగతి విమానములలో 482 అప్పటికే ప్రమాదములకు లోనైనవి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించిరి. ఈ నష్టమునకు యంత్రమొక్కటే కారణమా?

కూలిన విమానములను లెక్కించిన చాలదు. అవి ఎన్ని గంటలు ఎగిరినవో కూడ చూడవలెను. ఎక్కువగా ఎగిరినదానికి అపాయావకాశమును ఎక్కువే గదా! అందుచేత అమెరికా వైమానిక దళము లక్ష గంటలకెన్ని ఘోర ప్రమాదములని గణించును. ఆ దళములో 1958లో సేవకు వచ్చిన ఎఫ్-104కు ఈ సంఖ్య సుమారు 30. 1979లో వచ్చిన ఎఫ్-16కు 4 కంటె తక్కువ. రెండును ఒకే ఇంజను గలవే. కనుక ఒంటి ఇంజనుపైననే నేరము మోపరాదు.

ఎఫ్-104, మిగ్-21 రెండును ధ్వనికి రెట్టింపు వేగముతో పోవుటకై నిర్మింపబడినవి. అట్టి వేగమునకు గాలి నిరోధము తగ్గవలెను. అందుకు రెక్కలు పలుచగను, చిన్నవిగను ఉండవలెను. కాని దిగునపుడు ఆ రెక్కలే చిక్కు తెచ్చును. మిగిలినవి మారనిచో, వేగము సగమైనపుడు రెక్కలపై పైకెత్తు బలము నాల్గవ వంతగును. చిన్న రెక్కల విమానము వేగము తగ్గించిన నిలువలేదు. కావున గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగముతో నేలను తాకవలసి వచ్చును. అనగా సెకనుకు 80 మీటర్లకు పైగా! పొరపాటు దిద్దుకొనుటకు వ్యవధి ఎక్కడిది?

ఆ వ్యవధిలో పనిచేయునది అభ్యాసమొక్కటే. హైదరాబాదు సమీపమున హకీంపేటలో నెమ్మదియైన కిరణ్ జెట్టుపై నేర్చిన యువకులు పలువురు, తగిన నడిమి మెట్టు లేకయే మిగ్-21 నెక్కవలసి వచ్చెను. ఆ మెట్టుగా ఉన్నత శిక్షణ జెట్టు కావలెనని 1982లోనే లాఫౌంటేన్ సంఘము సూచించినది. హాక్ విమానముల ఒప్పందము 2004లో కుదిరినది. 2008లో అవి బీదరునకు చేరినవి. ఇంజను లోపములు, పక్షుల తాకిడి వంటి కారణములును కలవు. అయినను, సూచనకును ఆచరణకును నడుమ గడచిన ఆ ఇరువదియారేండ్లను యంత్రము ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు.