మరల మొలచినదా, క్రొత్తగ మొలచినదా?

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలుబండి కొత్తవలస దాటి తూర్పుకనుమల నెక్కునప్పుడు టైడా అను చిన్న స్టేషను వచ్చును. ఆ ప్రాంతపు కొండవాలులలో గిరిజనులు తరతరములుగ పోడు వ్యవసాయము చేసినవారు. చెట్లు నరికి, ఎండిన కొమ్మలను కాల్చి, ఆ బూడిదనేలలో చోళ్ళు, సామలు చల్లుట ఆ పద్ధతి. కాల్చిననాడు కొండవాలు నున్నగ కనిపించును. తొలకరి పడినంతనే పచ్చని మొలకలు తలయెత్తును. అవన్నియు ఒకే తెగవి కావు. కొన్ని నరికిన మోడులనుండి లేచిన పిలకలు. కొన్ని అంతకుముందే నేలలో నిద్రించుచుండిన విత్తులనుండి వచ్చినవి. మరికొన్ని గాలియో పక్షియో తెచ్చి పడవైచిన విత్తులనుండి పుట్టినవి. మోడు చచ్చినదా, బ్రతికియున్నదా అను ప్రశ్నకు మొదటి తెగ మొలకలే సమాధానము చెప్పగలవు.

నేటి ప్రసంగవిషయము మొక్కలు కావు. ముఖముపై మొలచు అవాంఛిత రోమములు. పై పెదవిమీదను, గడ్డముక్రిందను నల్లని వెంట్రుకలు వచ్చిన స్త్రీలు పడు మనోవేదన ఇంటివారికి సయితము ఒక్కొక్కప్పుడు తెలియదు. కూడబెట్టుకొన్న డబ్బుతో విద్యుత్సూది చికిత్స, అనగా ఎలెక్ట్రాలిసిస్, చేయించుకొందురు. రెండు నెలలు గడచునప్పటికి అద్దములో మరల వెంట్రుకలు కనిపించును. డబ్బు గంగపాలైనదని దుఃఖింతురు. ఆ దుఃఖము కొందరి విషయమున న్యాయమే. కొందరి విషయమున పొరపాటు. ఈ రెంటిని వేరుచేసి తెలిసికొనుట ఎట్లు?

వెంట్రుక చర్మములోని రోమకూపమను సన్నని గుంటలో పుట్టును. మనకు కనిపించు భాగము నిర్జీవము; జీవమంతయు అడుగుననే యున్నది. తిరుమలలో తలనీలాలు సమర్పించినవారికి జుట్టు మరల వచ్చుటకు కారణమిదియే. కత్తి కూపమును తాకదు. క్షౌరము చేసినకొలది వెంట్రుక దట్టమగునను నమ్మకము సరికాదని 1928లోనే అమెరికా శాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ పరీక్షించి చూపెను. పీకిన వెంట్రుకయు సాధారణముగ మరల వచ్చును. మన మన్యపు పసుపు ఎంత మేలైనదైనను, అది రోమకూపమును నిర్మూలించుననుటకు ఆధారము లేదు.

విద్యుత్సూది చికిత్స 1875 నాటిది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునందలి నేత్రవైద్యుడు ఛార్లెస్ మిషెల్, కంటిలోనికి తిరిగి గ్రుచ్చుకొను రెప్పవెంట్రుకలను తొలగించుటకు దీనిని వాడెను. సన్నని సూదిని రోమకూపములోనికి దించి స్వల్పమైన విద్యుత్తును పంపినచో, అచ్చటి ఉప్పునీరు విశ్లేషణము చెంది కాస్టిక్ సోడా పుట్టును. సబ్బు తయారీలో వాడు క్షారమే యిది. అది కూపములోని జీవకణములను కరిగించును. 1924లో ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ బోర్దియే క్షారమునకు బదులు విద్యుత్తరంగముల వేడిమిని ఉపయోగించెను. ఈ రెంటిని కలిపిన పద్ధతికి 1948లో అమెరికాలో పేటెంటు లభించెను.

అడుగునుమాత్రము కాల్చిన చాలదు. వెంట్రుకను మరల మరల పుట్టించు మూలకణములు కూపము నడుమభాగమున గూడ నున్నవని 1990లో వెల్లడియైనది. విద్యుత్తు తక్కువైనను, సూది వంకరగ దిగినను ఆ కణములు మిగులును. అప్పుడు వెంట్రుక తిరిగి వచ్చును. తరచుగ మునుపటికంటె సన్నగ వచ్చును. ఇది మోడునుండి లేచిన పిలక.

రెండవ తెగ నిద్రించుచుండినవి. ప్రతి వెంట్రుకయు కొంతకాలము పెరిగి, కొంతకాలము విశ్రమించి, రాలిపోవును. పిమ్మట అదే కూపమున క్రొత్తది మొలచును. తలపై పెరుగుదల కొన్ని సంవత్సరములు సాగును; ముఖముపై కొన్ని నెలలే. చికిత్సనాడు వెంట్రుక పైకి లేని కూపమునకు సూది చేరదు.

ఒక లెక్క వేసి చూతము. ఒకచోట 100 కూపములున్నవనుకొనుడు. నేడు 60 వెంట్రుకలు కనిపించుచున్నవి. 40 కూపములు నిద్రలో నున్నవి. నేర్పరియైన చికిత్సకురాలు ఆ 60లో 45 కూపములను నిర్మూలించినది, 15 బ్రతికినవి. కొన్ని నెలలలో ఆ 15ను, నిద్రలేచిన 40ని కలిసి 55 వెంట్రుకలు ఒకదానివెంట నొకటి పైకి వచ్చును. 60 పోయి 55 వచ్చినవి, లాభమేమి అని రోగి వాపోవును. నిజమునకు 100లో 45 శాశ్వతముగ పోయినవి. ఇక నేర్పులేని చేతిలో 60 వెంట్రుకలును కేవలము పీకబడినచో, ఆ సాయంకాలము చర్మము అంతే నున్నగ నుండును. కనుక చికిత్సనాటి నునుపు దేనికిని సాక్ష్యము కాదు.

మూడవ తెగ క్రొత్తగ పుట్టినవి. హార్మోనుల తారుమారు వలన, అదివరకు కంటికానని నూగువంటి వెంట్రుకలు నల్లని ముదురు వెంట్రుకలుగ మారవచ్చును. 1935లో స్టైన్, లెవెంతాల్ అను వైద్యులు వర్ణించిన అండాశయవ్యాధి ఇందులకు ముఖ్యకారణము. ఋతుక్రమము తప్పుచున్నను, వెంట్రుకలు త్వరత్వరగ పెరుగుచున్నను ముందు వైద్యుని సంప్రదింపవలెను. గాలి విత్తులు తెచ్చుచుండగా మోడులను మాత్రము కాల్చి ప్రయోజనమేమి?

ఇక ఫలితమును కొలుచు విధము. మొదటిది, సూది తీసిన పిమ్మట వెంట్రుక పట్టకారుకు జారి రావలెను. ప్రతి వెంట్రుకకును పీకిన నొప్పి తెలిసినచో పని సరిగ జరుగుట లేదు. జారి వచ్చినంతమాత్రమున పూర్తిగ చచ్చినదనియు చెప్పరాదు. రెండవది, కొలది దినములలోనే కనిపించిన వెంట్రుక సాధారణముగ చికిత్స పొందినది కాదు. అప్పటికే చర్మముక్రింద బయలుదేరినది. చికిత్సకు లొంగక మిగిలినది వచ్చుటకు కొన్ని వారములు పట్టును. మూడవది, ఒకే చోటును, ఒకే వెలుతురులో, నెలకొకసారి ఛాయాచిత్రము తీసి పోల్చుకొనవలెను. నడుమ పీకరాదు. నాలుగవది, ఆ చోటును శుభ్రపరచుటకు పట్టిన నిమిషములు వ్రాసికొనుడు. మొదట గంట పట్టినది క్రమముగ అరగంట, పావుగంట అగుచున్నచో చికిత్స ఫలించుచున్నట్లే. తీర్పు చెప్పుటకు సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువకాలము పట్టును. ఆరు నెలలు క్రమముగ చేయించుకొన్నను నిమిషములు తగ్గనిచో, హార్మోనులనైనను పరీక్షింపవలెను, చికిత్సకురాలినైనను మార్చవలెను.

తాత్కాలికపు ఎరుపు, చిన్న పొక్కులు భయకారణములు కావు. గుంటలు, గట్టి మచ్చలు ఏర్పడినచో ఆపివేయవలెను. మనవంటి చామనచాయ చర్మమున నల్లమచ్చలు నిలుచుట తరచు గనుక ఎండ తగులనీయరాదు. ప్రతి రోగికిని క్రొత్త సూదియే వాడవలెను. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు వైద్యుని యనుమతిలేక ఈ చికిత్సకు పూనుకొనరాదు. లేసరు కిరణములు వెంట్రుకలోని నల్లని రంగుపై ఆధారపడును గనుక నెరసిన వెంట్రుకకు పనిచేయవు. సూదికి ఆ భేదము లేదు.

ఒక్క పూటలో శాశ్వతముగ పోగొట్టెదమను మాటను నమ్మకుడు. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో ఎక్స్‌రేలతో నొప్పిలేకుండ వెంట్రుకలు తీయుదుమని ప్రకటించినవారుండిరి. వెంట్రుకలు పోయినవి, ఏండ్లు గడచినపిమ్మట అనేకులకు చర్మము కృశించి, పుండ్లు పడి, కాన్సరు వచ్చెను.

కొండవాలులో మోడు చచ్చినదో లేదో కాల్చిననాడు తెలియదు. వానలు గడచి, మరల ఋతువు తిరిగివచ్చినప్పుడు తెలియును. అద్దము ముందు నిలిచిన సోదరియు అంతటి ఓర్పు వహింపవలెను. ఒక్క వెంట్రుకను చూచి నిరాశపడక, ఇది ఏ తెగదియని తనను తాను ప్రశ్నించుకొనవలెను.