ప్రత్యేకపు కేబులుతో ఫోను త్వరగా ఛార్జి అగునా?

గ్రామ పంచాయతీ కార్యాలయములలో నేడు ఫోను లేనిదే పని సాగుట లేదు. పింఛనుల పంపిణీ, పన్నుల వసూలు, పనుల ఫోటోలు పంపుట మున్నగునవి దానిమీదనే ఆధారపడియున్నవి. వృద్ధులు వేలిముద్ర వేయుటకై వేచియుండగా ఫోను ఆరిపోయినచో కలుగు ఇబ్బందిని సభ్యులకు మేము వర్ణింపనక్కరలేదు. ఇది కనిపెట్టియే కాబోలు, సంతలలోను, బస్సు స్టాండుల వద్దను "ఫాస్ట్ ఛార్జింగు కేబులు" అను పేర పలు రకములవి అమ్మబడుచున్నవి. కొన్నింటికి జడవలె అల్లిన తొడుగు, కొన్నింటికి రంగు దీపము. ధరయు అందుకు తగినట్లే యుండును. పంచాయతీ సొమ్ముతో ఇట్టివానిని కొనుటకు ముందు, అందలి నిజమెంతయో తెలిసికొనుట మంచిది.

చెరువు, తూము, బోదె సభ్యులకు తెలిసినవే. ఛార్జరును తూముగాను, కేబులును బోదెగాను, ఫోనును పొలముగాను భావింతము. తూము విడిచిన నీటికంటె ఎక్కువ నీరు, బోదె ఎంత వెడల్పైనను, పొలమునకు చేరదు. కాని బోదె పూడిపోయినచో తూము నిండుగా విడిచినను చివరి పొలము ఎండును. కేబులు పనియు ఇంతే. అది వేగమును పుట్టింపజాలదు. ఉన్న వేగమును పోగొట్టగలదు. పైగా, ఎంత విద్యుత్తు తీసికొనవలెనో నిర్ణయించునది ఫోనే. తనకు వలసినదానికంటె ఎక్కువ అది తీసికొనదు.

ఛార్జరుపై సన్నని అక్షరములతో ఔట్‌పుట్ అని వ్రాసియుండును. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్నచో రెంటిని హెచ్చవేయగా 10 వాట్లు. ఈ 10 వాట్ల ఛార్జరుకు ఎంత ఖరీదైన కేబులు తగిలించినను 10 వాట్లకు మించి రాదు.

ఇక కేబులు పోగొట్టునది ఎంతయో చూతము. తీగ మందమును గేజి సంఖ్యతో తెలుపుదురు. సంఖ్య పెరిగినకొలది తీగ సన్నము. చవుక కేబులులో తరచుగా ఉండు 28 గేజి రాగి తీగ ఒక మీటరు పొడవున, పోవు దారి వచ్చు దారి కలిపి, సుమారు 0.43 ఓముల నిరోధము చూపును. అందులో 2 ఆంపియర్లు ప్రవహించినచో దాదాపు 0.85 వోల్టు దారిలోనే నశించును. 5 వోల్టులలో ఫోనుకు చేరునది 4.15 మాత్రమే. 24 గేజి తీగయైనచో నష్టము 0.34 వోల్టు. కేబులు రెండు మీటర్లున్నచో నష్టము రెట్టింపగును. అందిన వోల్టేజి తగ్గగానే ఫోను తాను తీసికొను విద్యుత్తును తగ్గించుకొనును. రాగికి బదులు రాగి పూత వేసిన అల్యూమినియము వాడినచో సంగతి మరింత చెడును. అల్యూమినియము నిరోధము రాగికంటె సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా ఉండును.

ట్రాన్సుఫార్మరుకు దూరముగా, సన్నని తీగతో కలిపిన బావి మోటారు ఎట్లు మూలుగునో చూచినవారికి ఇందు వింత ఏమియు తోచదు. విద్యుత్తు శాఖవారు గ్రామమువరకు 11,000 వోల్టులతో లైను తెచ్చుటకు కారణము కూడ ఇదియే: వోల్టేజి హెచ్చినకొలది అదే శక్తిని తక్కువ ఆంపియర్లతో పంపవచ్చును, దారి నష్టము తగ్గును. నేటి వేగపు ఛార్జర్లు పెక్కు ఈ పద్ధతినే అనుసరించి 5 వోల్టులకు బదులు 9 వోల్టులు పంపును. 9 వోల్టులు, 2 ఆంపియర్లు అనగా 18 వాట్లు. అయితే అట్లు పంపుటకు ముందు ఛార్జరు, ఫోను కేబులులోని తీగల ద్వారా ఒక ఒప్పందమునకు రావలెను. విద్యుత్తు తీగలు రెండే యుండి సమాచారపు తీగలు లేని చవుక కేబులుతో ఈ ఒప్పందము కుదరదు. ఫోను మామూలు వేగముతోనే సరిపెట్టుకొనును.

ప్రత్యేకపు కేబులు నిజముగా అవసరమగు సందర్భములు కూడ కలవు. ఒప్పో సంస్థ 2014లో ప్రవేశపెట్టిన వూక్ పద్ధతి వోల్టేజిని పెంచక, ఆంపియర్లను 4కు, అంతకు పైకిని పెంచును. దానికి మందపు తీగగల తన కేబులే వలయును. వేరొకటి తగిలించినను ఛార్జి అగును గాని నెమ్మదిగా అగును. రెండు కొసలును సి-రకమైన కేబులు ఏదైనను 3 ఆంపియర్లు మోయవలెనని నియమము; 20 వోల్టుల వద్ద అది 60 వాట్లు. 5 ఆంపియర్లు కావలెనన్న కేబులు కొసలో చిన్న గుర్తింపు చిప్పు ఉండవలెను. అయితే 18, 25 వాట్లు తీసికొను కార్యాలయపు ఫోనుకు అట్టిది దండుగ.

అల్లిక తొడుగు వలన కేబులు కొంతకాలము హెచ్చుగా మన్నవచ్చును. దీపము వలన ఏ లాభమును లేదు. సందేహమున్నచో సభ్యులే పరీక్షింపవచ్చును. ఫోను 20 శాతము వద్ద నుండగా, అదే ఛార్జరుతో, తెర ఆర్పి, అరగంటసేపు ఒకనాడు పాత కేబులుతోను, మరునాడు క్రొత్తదానితోను ఛార్జి చేసి ఎంత ఎక్కినదో వ్రాసికొనవలెను. 80 శాతము దాటిన తరువాత పోల్చుట వ్యర్థము. బ్యాటరీ రక్షణకై అచ్చట ఫోను తనంతట తానే నెమ్మదించును. ఎండలో వేడెక్కిన ఫోనును అంతే. అట్టి ఫోనును నీడకు చేర్చుట క్రొత్త కేబులు కొనుటకంటె మేలు, ఖర్చును లేదు.

కొనదలచినచో ముందు ఫోనుకు తగిన వాట్ల ఛార్జరు ఉన్నదో లేదో చూచి, పిదప ఒక మీటరు పొడవుగల, 3 ఆంపియర్లని వ్రాసియున్న కేబులును బిల్లుతో తీసికొనవలెను. కొస వదులై ప్లగ్గు వేడెక్కుచున్నను, మెడవద్ద తొడుగు చిట్లి తీగ కనబడుచున్నను ఆ కేబులును వాడరాదు. దానిని సొరుగులో దాచినచో పింఛనుల నాటి తొందరలో ఎవరో ఒకరు మరల తీసి తగిలింతురు. రెండు ముక్కలుగా కత్తిరించి పారవేయుడు.