ఎర్రనీరు దిగాక

యానాంలో శరత్తు వచ్చిందని చెప్పేది చెట్లు కాదు, గోదారి నీళ్లు. శ్రావణ భాద్రపదాల్లో ఒండ్రు కలుపుకుని ఎర్రగా, చిక్కగా పారిన గోదారి పాయ గౌతమి దసరా నాటికి తేరుకుంటుంది. వరద తగ్గేకొద్దీ పోటు వెంట సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతుంది. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఈ పుదుచ్చేరి ముక్క సరిగ్గా ఆ మంచినీరూ ఉప్పునీరూ కలిసే మలుపులో ఉంది. కోరంగి పాయ గౌతమి నుంచి విడిపోయేదీ ఇక్కడే. అందుకే నీరు మారగానే ఊరి చుట్టూ కనిపించే ప్రాణులూ మారిపోతాయి.

ముందు వెళ్లిపోయేది పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది నదిలోకి వచ్చాక పులస. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది కాబట్టి, దొరికే చోటు ఆ కిందిభాగమే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఇంకా నోళ్లలో ఉండగానే, ఆశ్వయుజంలో రేవుల్లో దాని సందడి సన్నగిల్లుతుంది.

దసరాకి అందరి చూపూ పాలపిట్ట మీదే. ఆ రోజు దాన్ని చూస్తే శుభమని తెలుగువాళ్ల నమ్మకం. కరెంటు తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే అనిపిస్తుంది. మిడతను చూసి దూకిందా, రెక్కల్లోంచి రెండు రకాల నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పక్షిగా ఉన్న పాలపిట్టను తెలంగాణ అట్టే పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2018లో రామచిలుకకు ఆ హోదా ఇచ్చింది. దేశంలోని పక్షుల స్థితిగతులపై 2023లో వచ్చిన నివేదిక పాలపిట్టల సంఖ్య తగ్గుతోందని హెచ్చరించింది. పురుగుల మందు కొట్టిన పొలంలో మిడతలు ఉండవు. మిడతలు లేని తీగ మీద పాలపిట్టకు పనేముంది?

ఇక తూర్పుగాలి తిరిగిందంటే యానాం రేవుల్లో వినిపించే పేరు చీరమేను.

దసరా వెళ్లి దీపావళి వచ్చే రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసే మొగల దగ్గర అంగుళమైనా లేని చేపపిల్లలు గుంపులు గుంపులుగా ఒడ్డువారకి చేరతాయి. మామూలు వల కన్నుల్లోంచి అవి ఇట్టే జారిపోతాయి. అందుకని చీరను వలగా పట్టి తోడతారు. చీరతో పట్టే మేను కాబట్టి చీరమేను. దోసిట్లోకి తీసుకుంటే చేపల్లా కాదు, పలచటి జావలా కదులుతుంది. బాగా దగ్గరికి పెట్టుకుని చూస్తే గాజులాంటి ఒళ్లు, దానికో చివర ఆవగింజలో సగం లేని నల్లటి కన్ను. ఇంత సన్నటిదాన్ని లెక్కపెట్టేదెలా? అందుకే అమ్మకం కొలతల్లో సాగుతుంది. గ్లాసు, సోల, తవ్వ, శేరు. ఎక్కువ పడినప్పుడు బకెట్ల లెక్కన వేలం. పులస సామెతకు జోడీగా చీర అమ్ముకునైనా చీరమేను తినాలని మరో సామెత. మసాలా పెట్టి వండేవాళ్లు కొందరు, గారెలు వేసేవాళ్లు కొందరు.

అయితే ఇది ఒక జాతి చేప కాదు. ఎదిగితే ఎన్నో రెట్లు బరువు తూగే పలురకాల చేపలకు ఇవి పసిపిల్లలు. మడ అడవుల వేళ్ల మధ్య పెరగాల్సినవి సోలల్లోకి ఎక్కుతున్నాయి. చీర పోయి దోమతెరలాంటి నైలాన్ వలలు వచ్చాక, పట్టు ఎంతవరకు అనే ప్రశ్న మరింత పెద్దదైంది.

చీరమేనును తెచ్చే ఆ గాలుల రోజుల్లోనే తల పైకెత్తితే తూనీగలు. తోకకు దారం కట్టి ఆడించే పిల్లలకు అవి ఆటవస్తువులు. వాటిలో పసుపుపచ్చ తూనీగ ఒకటి మాత్రం మామూలు ప్రయాణికురాలు కాదు. వానగుంటల్లో పుట్టి, గాలివాటం చూసుకుని సముద్రం మీదికి వెళ్లిపోతుంది. మాల్దీవుల్లో నదులు, వాగులు లేవు. అయినా ఏటా అక్టోబరులో తూనీగలు గుంపులుగా దిగుతాయి. అక్కడ పనిచేసిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ఆ వింత వెంటపడి, భారత్ నుంచి తూర్పు ఆఫ్రికాకు అవి ఈ ఈశాన్య గాలుల మీదే పోతున్నాయని 2009లో ప్రతిపాదించాడు. వెళ్లినవి తిరిగి రావు. మళ్లీ వచ్చేది వాటి సంతానమే.

గాలి మీద పోయేవి పోతుంటే, ఉత్తరాది నుంచి వచ్చేవి వస్తుంటాయి. కార్తీకంలో పాటు తీసినప్పుడు బయటపడే బురదమేటల మీద ఉల్లంకి పిట్టలు బారులు తీరతాయి. సైబీరియా మంచు నుంచి దిగినవాళ్లూ వాటిలో ఉంటారు. కాకినాడ తీరంలో మరో అరుదైన అతిథి ఇండియన్ స్కిమ్మర్. దాని ముక్కులో కింది సగం పై సగం కంటే పొడుగు. నోరు తెరిచి, ఆ కింది ముక్కుతో నీటి మీద గీత గీస్తూ ఎగురుతుంది. చేప తగిలిన క్షణంలో టక్కున మూస్తుంది. చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద పిల్లల్ని చేసుకునే ఈ పక్షి ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో ఉంది.

యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలో తాళ్లరేవు దాటాక కుడిపక్కంతా కోరంగి మడ అడవి. 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న దీన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న గుబుర్ల మధ్య నక్కలు, నీటికుక్కలు తిరుగుతాయి. అన్నింటికంటే పేరున్నది బావురుపిల్లి. 2018 లెక్కల్లో ఇక్కడ 115 తేలాయి.

పిల్లి నీళ్లకు జంకుతుందన్న మాట దీనికి పనికిరాదు. ఒంటి మీది వెంట్రుకల్లో అడుగు పొర ఎంత ఒత్తుగా ఉంటుందంటే, చర్మం దాకా తడి దిగదు. కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది. రాత్రిపూట కాలువ ఒడ్డున కదలకుండా కూర్చుని, పంజాతో నీటిని తాకి చేపను పైకి రప్పిస్తుంది. అవసరమైతే మునిగి పట్టుకొస్తుంది. అడవి అంచుల్లో రొయ్యల చెరువులు వచ్చాక దాని వేట గట్ల మీదికీ పాకింది. వల కొరికిందని జాలరికి కోపం. దారి మూసుకుపోయిందని దానికి ఇబ్బంది.

దాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. కనిపించేది ఆనవాళ్లే. తెల్లవారుజామున బురదలో గుండ్రటి అడుగులు, పక్కన పొలుసులు, పీత డిప్పల ముక్కలు కలిసిన పెంట. మళ్లీ పోటు ఎక్కేసరికి అవన్నీ చెరిగిపోతాయి. అందుకే చూడాలనుకునేవాళ్లు చొల్లంగి దగ్గర చెక్కవంతెన మీదికి వెళ్లేముందు, ఆ రోజు పాటు ఎప్పుడు తీస్తుందో పడవవాళ్లని అడిగి బయల్దేరాలి.