మీ సాయంతో మన పిల్లలు నేర్చుకుంటున్న ‘జాయింట్’



మన కంప్యూటర్ తరగతిలో పిల్లలు తెర మీద చక్రాలు, గొట్టాలు కలుపుతుంటే ఆటలా కనిపిస్తుంది. నిజానికి అది ఫిట్టర్ పనే.

క్యాడ్‌లో గీసిన ప్రతి భాగానికీ ఆరు కదలికలుంటాయి: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. అక్కరలేని కదలికలను ఆపేదే జాయింట్. వీల్‌చెయిర్‌నే తీసుకోండి. ముందు ఫ్రేమ్‌ను కదలకుండా స్థిరపరచాలి. చక్రాన్ని ఇరుసుకు ‘రివల్యూట్’ జాయింట్‌తో కలిపితే అయిదు కదలికలు ఆగి, తిరగడం ఒక్కటే మిగులుతుంది. కాళ్లు పెట్టుకునే పలక పైకీ కిందికీ జరగాలంటే ‘స్లైడర్’ పెట్టాలి. గొట్టానికి గొట్టం బిగించడానికి ‘ఫిక్స్‌డ్’ ఉంది.

కొత్తవాళ్లు తడబడేది దిశ దగ్గర. జాయింట్ వేసేటప్పుడు రెండు భాగాల మీదా ఒక్కో బిందువు, దానికి మూడు అక్షాలు ఏర్పడతాయి. బిందువులు ఒకచోట కలిసి, జెడ్ అక్షాలు ఒకే గీత మీదికి వస్తాయి. ఆ అక్షం ఎటు చూస్తోందో గమనించకపోతే చక్రం లోపలి వైపు బయటికి వస్తుంది. అప్పుడు చక్రాన్ని మౌస్‌తో లాగకూడదు. జాయింట్ దిశను తిప్పాలి. ఎడం కావాలంటే ఆఫ్‌సెట్ కొలత, వంపు కావాలంటే కోణం ఇవ్వాలి.

తెర మీద తప్పు క్షణంలో దిద్దుకోవచ్చు. ఇనుము కోశాక తెలిస్తే సరుకు, కూలి రెండూ నష్టమే.

2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో ఈ సౌకర్యమంతా ఉచితం. కాబట్టి మీరిచ్చే ప్రతి రూపాయీ లైసెన్సులకు కాక పిల్లల చదువుకే చేరుతుంది, ఇన్‌షా అల్లాహ్.